నేలను పలకరించే పెట్టె

వీపనగండ్ల,
ఫిబ్రవరి చివర.

చిరంజీవి సుమనకు తాత పెంటయ్య దీవించి రాసేది.

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, ఏమీ అనుకోకు బిడ్డా. ఊరి బడిలో ఐదో తరగతి దాకే చదివాను. ఆ తర్వాత చేతికి పలుగు వచ్చింది, పలక పోయింది. ఒత్తులు ఎక్కడ జారిపోయినా నువ్వే ఏరుకుని చదువుకో. ఫోన్ చేద్దామంటే అందులో గరగర తప్ప ఏమీ రావడం లేదు. మన దగ్గర సిగ్నల్ అట్లా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మీ అవ్వ బాగుంది. బావుల పని మొదలైంది. ముందుగా తెలకపల్లి దగ్గర ఒక పాత బావి పట్టాం. చిన్నప్పుడు నువ్వు చూసిన పనే. హమ్జా లోపలికి దిగి పూడిక తవ్వి బొక్కెన నింపుతాడు. గణేష్ క్రేన్ ఇంజను దగ్గర ఉంటాడు. వానికి బావి లోపల ఏమీ కనబడదు, నా చెయ్యి ఒక్కటే కనబడుతుంది. నేను ఒడ్డు మీద నిలబడి హమ్జా కేక విని చెయ్యి చూపిస్తాను. చెయ్యి ఎత్తితే బొక్కెన పైకి. అరచెయ్యి అడ్డం పెడితే ఆగాలి. పైకి వచ్చిన మట్టిని రేణుకమ్మ కుమ్మరిస్తుంది.

హమ్జా నాయన బాబా నీకు గుర్తుండడు. నా జోడీ. కిందికి దిగేది ఆయన, ఒడ్డు నాది. "కింద ఉన్నోని పానం ఒడ్డు మీదోని చెవుల ఉంటది పెంటయ్యా" అనేవాడు. నా తలకు ఎర్ర తువ్వాల కట్టింది ఆయనే. మా పనిలో ఒడ్డు మనిషిని దిగేవాడే ఎంచుకోవాలి, వాడే తువ్వాల కట్టాలి. ఇంకొకరు కట్టకూడదు, ఇంకొకరు విప్పకూడదు. కింద నుంచి తల ఎత్తి చూస్తే ఆకాశం మీద ఆ ఎరుపు కనబడాలి. అప్పుడే దిగినవానికి ధైర్యం.

ఇక సంగతి. మొన్న తెలకపల్లి బావిలో హమ్జా "ఆపు" అని అరిచాడట. నేను ఆపలేదు. బొక్కెన అంచు వాని భుజాన్ని గీసుకుంటూ పోయింది. గణేష్ ఇంజను మోతలో దేవునికి కూడా వినబడదు. హమ్జా కూడా అదే అన్నాడు, "ఇంజను మోత మామా, నీ తప్పేం లేదు" అని. రేణుకమ్మ మాత్రం అందరి ముందు "మామా, నీ చెవులల్ల పూడిక ఎవరు తియ్యాలె?" అంది. అందరూ నవ్వారు. ఇంటికి వస్తే మీ అవ్వ కూడా ఒడ్డు దిగి ఇంట్లో కూర్చోమంటోంది.

నువ్వు విమానాల ఎత్తు చెప్పే పెట్టెలు బాగు చేస్తావని మీ నాయన చెప్పాడు. ఆ పెట్టె తనను తానే పరీక్ష చేసుకుంటుందట కదా. చెడిపోతే తనే చెబుతుందట. నిజమేనా? ఎట్లా చేసుకుంటుంది? తెలిస్తే నేను కూడా అట్లాగే చేసుకుని నా చెవులు బాగున్నాయని చూపిస్తాను. నవ్వకుండా రాయి.

నీ తాత
పెంటయ్య

*

హైదరాబాద్,
మార్చి.

తాతకు సుమన నమస్కారాలు.

నీ ఉత్తరం గేటు దగ్గర ఇచ్చారు. పెట్టెలు బాగు చేసే మా షాపు లోపలికి ఫోన్లు రానివ్వరు. కాగితాన్ని ఎవరూ ఆపరు కాబట్టి భోజనాల వేళ మునగకాయ పులుసుతో పాటు నీ ఉత్తరం కూడా తిన్నాను. ఒత్తులన్నీ దొరికాయి, బెంగపడకు.

హమ్జా చిన్నాయన భుజం ఎట్లా ఉంది? ముందు అది రాయి.

నువ్వు అడిగిన పెట్టె పేరు రాడార్ ఆల్టీమీటర్. దాని పని నీకు చెప్పడం సులభం, ఎందుకంటే ఆ పని నువ్వే చేస్తావు. పొద్దున ఎవరూ దిగకముందు నువ్వు బావి మీదికి వంగి "ఓ..." అని కేక వేస్తావు గుర్తుందా? "బావిని పలకరించాలె బిడ్డా, పలకరియ్యకుంట దిగొద్దు" అనేవాడివి. కేక తిరిగి వచ్చిన తీరును బట్టి ఎంత లోతు, ఎంత నీరు అని చెప్పేవాడివి. మా పెట్టె కూడా విమానం కడుపు కింద నుంచి నేలను పలకరిస్తుంది. కేకకు బదులు రేడియో అల. అది నేలకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి, నేల ఇంత దూరంలో ఉందని చెబుతుంది. విమానం కిందికి రెండు పలకలు ఉంటాయి. ఒకటి అలను పంపుతుంది, ఒకటి వింటుంది. ఒకటి నోరు, ఒకటి చెవి అనుకో. మబ్బులో దిగేటప్పుడు పైలట్‌కు నేల కనబడదు. అప్పుడు ఈ పెట్టె మాటే మాట.

మరి పెట్టె తప్పు చెబితే? అందుకే పరీక్ష. లోపల ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. అలను బయటికి పంపకుండా లోపలే కాసేపు తిప్పి, ఆలస్యం చేసి, వినే భాగానికి అందిస్తారు. ఆ ఆలస్యం ఎంతో ముందే కొలిచి పెట్టారు. అది సరిగ్గా నలభై అడుగుల ఎత్తుకు సమానం అనుకో. విమానం నేల మీద నిలబడి ఉన్నా సరే, పైలట్ మీట నొక్కితే ముల్లు నలభై దగ్గరికి పోయి నిలబడాలి. నిలబడితే పెట్టె బాగుంది. నిలబడకపోతే అంకెల పలక మీద ఒక చిన్న ఎర్ర రేకు అడ్డం పడుతుంది. కొత్త రకాల్లో అంకెలే మాయమవుతాయి. రెండింటికీ అర్థం ఒకటే: నన్ను నమ్మకండి.

తప్పు అంకె చూపడం కన్నా అసలు చూపకపోవడం మేలని మా హెప్సిబా మేడం అంటుంది. ఆమె మా షాపులో పెద్ద. నాకు పని నేర్పింది ఆమే.

నేను నవ్వలేదు తాతా.

సుమన

*

వీపనగండ్ల,
ఉగాది దాటాక.

చిరంజీవి సుమనకు.

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. నీకు నవ్వు రాకపోయినా నాకు వచ్చింది. ఇంత పెద్ద విమానం కూడా బావిని పలకరించినట్టు నేలను పలకరిస్తుందా? మీ అవ్వకు చదివి వినిపించాను. "అయితే విమానం మీద కూడ మీ అసుంటోడు ఒకడు వంగి ఒర్లుతున్నడన్నట్టు" అంది.

ఒక అనుమానం. నేల మీద నిలబడి నలభై అడుగుల ఎత్తులో ఉన్నానని చెప్పడం అబద్ధం కదా? అబద్ధం చెప్పే పెట్టెను ఎట్లా నమ్ముతారు? రాత్రంతా ఇదే ఆలోచించాను. పొద్దున ఒకటి తోచింది. అది అందరూ ఒప్పుకున్న అబద్ధం. ఒప్పుకున్నదాన్ని ఒప్పుకున్నట్టు చెప్పగలిగితే, నిజం కూడా ఉన్నట్టు చెప్పగలదు. అట్లాగేనా? తప్పయితే దిద్దు.

నా పరీక్ష కూడా మొదలుపెట్టాను. పొద్దున లేచి మన ఇంటి బావిలోకి "ఓ..." అంటాను. దాని లోతు నాకు ఎప్పటి నుంచో తెలుసు. మాట ఎప్పుడు రావాలో అప్పుడే వస్తోంది. మీ అవ్వ వెనుక నుంచి "తింటవా?" అంటుంది, "తింట" అంటాను. కోడి కూస్తే వింటున్నాను. మసీదు నుంచి అజా వింటున్నాను. అన్నింటిలో ముల్లు నలభై మీదే నిలబడింది. రేణుకమ్మకు ఈ మాట చెబితే "ఆహా" అని ఊరుకుంది. ఆమె ఊరుకోవడం ఎప్పుడూ చూడలేదు.

హమ్జా భుజం మానింది. వాడు మాట్లాడడు, పని చేస్తాడు. అచ్చం బాబా.

ఇంకొకటి అడగాలి. ఎర్ర రేకు పడ్డ పెట్టెను ఏం చేస్తారు? పాత సామాన్ల వానికి ఇస్తారా? ఊరికే అడుగుతున్నాను.

పెంటయ్య

*

హైదరాబాద్,
ఏప్రిల్.

తాతా,

ఒప్పుకున్న అబద్ధం అన్నావు చూడు, అంతే. దిద్దడానికి ఏమీ లేదు.

ఎర్ర రేకు పడ్డ పెట్టెను ఎవరూ పారేయరు. విమానం నుంచి విప్పి మా బల్ల మీదికి పంపుతారు. మేము చూస్తాం. పెద్ద విమానాల్లో ఇలాంటివి రెండు ఉంటాయి. ఒకటి రేకు వేసుకుంటే రెండోది చూస్తారు. రేకు వేసుకోవడం తప్పు కాదు తాతా, అది కూడా దాని పనే. మాకు భయం రేకు వేసిన పెట్టెతో కాదు. వేయాల్సినప్పుడు వేయనిదానితో.

ఇప్పుడు నా బల్ల మీద అలాంటిదే ఒకటి ఉంది. పోయిన నెల వచ్చింది. పైలట్లు ఫిర్యాదు రాశారు, దిగేటప్పుడు ఎత్తు ఉన్నట్టుండి ఎగురుతోందని, మళ్ళీ సర్దుకుంటోందని. నేను మీట నొక్కాను. ముల్లు నలభై దగ్గర కదలకుండా నిలబడింది. వేడి చేసి చూశాను, చల్లబరిచి చూశాను, కుదిపి చూశాను. నలభై. లోపం లేదని సంతకం పెట్టి పంపాను. నిన్న మళ్ళీ వచ్చింది, అదే ఫిర్యాదుతో. మళ్ళీ మీట నొక్కాను. మళ్ళీ నలభై. ఆ విమానం ఎక్కేవాళ్ళలో మన పాలమూరు వాళ్ళు కూడా ఉంటారు కదా అని ఒకటే ఆలోచన.

హెప్సిబా మేడం నన్నేమీ అనలేదు. "సుమనా, నువ్వడిగింది అది బానే చెప్పింది. నువ్వేం అడిగినవో చూసుకో" అంది. నాకు అర్థం కాలేదు.

నీ పరీక్షల గురించి కూడా ఒక అనుమానం ఉంది తాతా. అవ్వ పొద్దున ఆ వేళకు "తింటవా" కాక ఇంకేమైనా ఎప్పుడైనా అడిగిందా?

సుమన

*

గద్వాల దగ్గర,
ఏప్రిల్ చివర.

చిరంజీవి సుమనకు.

ఇక్కడ పది ఊర్లకు సరిపోయే ఎండ ఒక్క ఊర్లోనే ఉంది. చాలా లోతు బావి. ఒడ్డు రాళ్ళు వదులుగా ఉన్నాయి, హమ్జా మీద ఎప్పుడేది రాలుతుందో అని కన్ను ఆర్పకుండా చూస్తున్నాను. గణేష్‌కు మెల్లగా తిప్పమని చెప్పాను. వాడు "పెళ్ళి ఊరేగింపా మామా?" అంటాడు. అననీ.

ఈ బావి రైతు మంచివాడు. మజ్జిగ పంపుతాడు. కానీ మాటలో కన్నడం ఎక్కువ, కర్ణాటక పక్కనే కదా. ఆయన ఏమన్నా నాకు తెలియదు, నవ్వి తల ఊపుతాను. ఆయన కూడా నవ్వుతాడు. ఒకసారి ఎందుకో నవ్వలేదు.

ఆ పెట్టె సంగతి ఏమైంది? నాకు దాని మీదే ధ్యాస ఉంది. మీట నొక్కితే నలభై చూపుతుంది, పైకి పోతే తప్పు చెబుతుంది. అంటే ఇంట్లో మంచిగా, బజారులో పిచ్చిగా. అట్లాంటి మనుషులను చూశాను కానీ పెట్టెలను చూడలేదు. లోపలేమైనా వదులైందా? ఎవరైనా దించేటప్పుడు కింద పడేశారా? పైలటే తప్పు చూశాడేమో? ఏం దొరికినా రాయి. దొరకకపోయినా రాయి.

మీ అవ్వ గురించి అడిగావు. ఆమె వేరే ఏమడుగుతుంది, పెళ్ళయిన నాటి నుంచి అదే మాట.

నేను బాగున్నాను. నా పరీక్ష రోజూ చేసుకుంటున్నాను. ఈ బావిని కూడా పలకరించాను. బాగా పలికింది.

పెంటయ్య

*

హైదరాబాద్,
మే.

తాతా,

దొరికింది.

హెప్సిబా మేడం పెట్టెను పక్కన పెట్టి, ఆ విమానం దగ్గరికే నన్ను తీసుకుపోయింది. పొట్ట కింద పడుకుని చూశాం. వినే పలక నుంచి పెట్టెకు పోయే కేబుల్ ఒకటి ఉంటుంది. దాని అతుకులో నీళ్ళు చేరాయి. వానలో తడిసి, పైన చలికి గడ్డకట్టి, కిందికి దిగేటప్పుడు కరుగుతూ, తిరిగి వచ్చిన అలను చెడగొడుతున్నాయి. పెట్టెలో ఏ లోపమూ లేదు. రెండుసార్లూ అది నాకు నిజమే చెప్పింది.

మరి పరీక్షలో ఎందుకు తెలియలేదు? నేను బల్ల మీద మీట నొక్కినప్పుడు అల పెట్టె లోపలే పుట్టి, లోపలే తిరిగి, లోపలే వినబడింది. బయటి చెవి దాకా పోలేదు. పెట్టె తన మాట తానే విని బాగున్నానంది. మేడం మాట నాకు ఆ విమానం కింద పడుకున్నప్పుడు అర్థమైంది. కొన్ని పెట్టెలు చెవి తెగిందో లేదో కూడా చూసుకుంటాయి. ఇది పాత రకం, చూసుకోదు. అందుకే ఇప్పుడు మేము బయటి నుంచి, మాకు తప్ప పెట్టెకు తెలియని ఎత్తులను ఆ కేబుల్ గుండానే పంపి, ఏం చెబుతుందో చూస్తున్నాం.

తాతా, నిన్ను చిన్నబుచ్చాలని రాయడం లేదు.

నువ్వు బావిలోకి "ఓ..." అన్నప్పుడు వింటున్నది నీ గొంతే. చెవులు మూసుకున్నా మన గొంతు మనకు లోపలి నుంచి తెలుస్తుంది. ఇంటి బావి లోతు నీకు ముందే తెలుసు. అవ్వ ఏమడుగుతుందో తెలుసు. కోడి, అజా ఏ వేళకు వస్తాయో తెలుసు. ఇవన్నీ లోపలే తిరిగే అలలు.

ఇంకొకటి. ఫోన్‌లో గరగర అన్నావు. నేను అవ్వతో రోజూ మాట్లాడుతున్నాను, అదే ఫోన్, అదే ఇల్లు. గలగలా వినబడుతుంది. నువ్వు ఉత్తరాలు రాస్తుంటే నాకోసం ముచ్చటగా రాస్తున్నావనుకుని షాపులో అందరికీ చూపించుకున్నాను. గద్వాల రైతు కన్నడం మాట్లాడాడని రాశావు. రేణుకమ్మ అత్త అవ్వతో చెప్పిందట, ఆయనది కొత్తకోట పక్క ఊరు, ఇల్లరికం పోయాడు, ఒక్క కన్నడ ముక్క రాదని. ఆయన నవ్వని రోజు నీకు చెప్పిన మాట ఏమిటో తెలుసా? "ఆ మూల రాయి కదులుతున్నది, పిల్లగాణ్ణి జరుగుమను" అని. నువ్వు నవ్వి తల ఊపావు. రేణుకమ్మ అత్త పరుగెత్తి హమ్జా చిన్నాయనను జరగమని అరిచింది.

నీకు తెలియని మాటతో ఒక్కసారి పరీక్ష చేయించుకో తాతా. ఒడ్డు దిగమని నేను అనను. ఆ మాట అనే హక్కు ఎవరికుందో నువ్వే రాశావు. పరీక్ష మాత్రం చేయించుకో. అప్పటిదాకా ఎవరినీ దించకు.

ఈ ఉత్తరం అందగానే ఒక ముక్క రాయి.

సుమన

*

హైదరాబాద్,
జూన్ మొదట.

తాతా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. కోపం వచ్చిందా? తిట్టి అయినా సరే రాయి. గద్వాల బావి ఇంకా అయిపోలేదని అవ్వ చెప్పింది. ఏమైందని అడిగితే "మీ తాతనే రాస్తడు" అంటోంది తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. ఇక్కడ నిన్న పెద్ద వాన పడింది. ఒడ్డు రాళ్ళు తడిస్తే ఎట్లా ఉంటాయో నాకు తెలుసు.

సుమన

*

వీపనగండ్ల,
జూన్.

చిరంజీవి సుమనకు తాత దీవెనలు.

కోపం రాలేదు. నీ పెద్ద ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చెమటకు తడిసింది, అయినా చదవగలిగాను. నేను నవ్వి తల ఊపాను అన్న ముక్క దగ్గరే కన్ను ఆగిపోయేది.

ఉత్తరం అందిన మరునాడే పని ఆపించాను. ఇంజను కట్టెయ్యమన్నాను. గణేష్ "డీజిలు అయిపోలే మామా" అన్నాడట. హమ్జాను నిచ్చెన మీద, రాళ్ళు గట్టిగా ఉన్న వైపు, సగం దాకానే దింపాను. "నాకు తెల్వని మాటలు కేకెయ్యి. నేను చెయ్యి చూపిస్త" అన్నాను. రేణుకమ్మను నా పక్కన నిలబెట్టాను. ఏది వినబడితే అది ఆమె మనసులో పెట్టుకోవాలి, నాకు ముందే చెప్పకూడదు. మీ కేబుల్ గుండా పంపినట్టే.

నేను వంగి చూశాను. హమ్జా నోరు కనబడకుండా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేనే అట్లా చెయ్యమన్నాను. నాకు ఒక లోతైన గుమ్మనే చప్పుడు తప్ప ఇంకేమీ తెలియలేదు. బొక్కెన నిండే వేళ ఇది కదా అని చెయ్యి ఎత్తాను, పైకి అని.

రేణుకమ్మ పడీ పడీ నవ్వింది. గణేష్ కూడా. హమ్జా అరిచింది ఏమిటంటే "మామా, నీ తువ్వాల బర్రె తిన్నది" అని. నేను కూడా నవ్వాను బిడ్డా. తువ్వాల తడిమి చూసుకుని నవ్వాను.

రెండోసారి అరిచాడు. మళ్ళీ చెయ్యి ఎత్తాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రేణుకమ్మ మొహం చూసి "ఏమన్నడు?" అని అడిగాను. ఆమె చెప్పలేదు. నా ఎత్తిన చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించి, అరచెయ్యి అడ్డంగా తిప్పి పెట్టింది.

ఇంజను ఆగి ఉంది. మోత లేదు. ఇక తప్పు దేని మీద వెయ్యాలి?

తువ్వాల విప్పాను. అట్లా విప్పకూడదు, నాకు తెలుసు. కానీ పెట్టె తనే రేకు వేసుకుంటుందని నువ్వు రాశావు కదా. క్రేన్ కాలుకు కట్టాను. గాలికి ఊగింది. నన్ను నమ్మకండి అని దాని అర్థమని వాళ్ళకు చెప్పలేదు. అందరికీ తెలిసింది.

హమ్జా పైకి వచ్చాడు. తువ్వాలను చూశాడు. నేను అడిగాను, "నీకు ఎప్పటి సంది తెలుసురా?"

వాడు నా మొహానికి ఎదురుగా నిలబడి, నాకు అర్థమయ్యేటట్టు మెల్లగా చెప్పాడు. "పోయిన ఎండకాలం సంది, మామా."

"తెలిసి ఎట్ల దిగినవ్?"

"దిగినంక మీదికే చూస్కుంట ఉంటుంటి. బొక్కెన కదిలితె నేనే పక్కకు జరుగుతుంటి. ఇంజను మోత అని నేనే అంటుంటి."

"నాకెందుకు చెప్పలేదురా, పిచ్చోడా?"

"ఆ తువ్వాల మా నాయన కట్టిండు. నేనెట్ల ఇప్పాలె?"

బిడ్డా, నేను వాని పానాన్ని చూసుకుంటున్నాననుకున్నాను. ఇన్నాళ్ళూ వాడే నా మర్యాదను కింద నుంచి తలెత్తి చూసుకుంటున్నాడు. వాని తలకాయ మీద ఒక్కటి కొట్టి, దగ్గరికి తీసుకున్నాను. బాబా ఉంటే ఇద్దరినీ కొట్టేవాడు.

"ఇప్పుడు ఇప్పింది నేను. కట్టెటోడివి నువ్వు. నీ పానం ఎవరి చెవుల పెడతవో పెట్టుకో" అన్నాను.

హమ్జా తువ్వాల విప్పి రేణుకమ్మ తలకు కట్టాడు. గణేష్ "ఆడిమనిషి ఒడ్డు మీదనా?" అన్నాడు. రేణుకమ్మ "ఏమో గణేషూ, నువ్వు గుసగుస పెట్టింది కూడ నాకు ఇనబడ్డది. చెప్పాల్నా నీ పెండ్లానికి?" అంది. వాడు ఇంజను దగ్గరికి పోయాడు.

రేణుకమ్మ ఒడ్డు ఎక్కి రెండో రోజే రాయి జారిన చప్పుడు హమ్జా కన్నా ముందు విన్నది. అరచెయ్యి అడ్డం పెట్టింది. బొక్కెన ఆగింది, రాయి వచ్చి అందులో పడింది. హమ్జా దాని పక్కనే నిలబడి ఉన్నాడు, బొక్కెన కదిలి ఉంటే రాయి వాని మీదికే వచ్చేది. నాకు ఆ చప్పుడు తెలియలేదు, అరచెయ్యి మాత్రం కనబడింది. సుమనా, అది నా చెయ్యి అయి ఉంటే పైకి ఎత్తి ఉండేవాణ్ణి.

గద్వాల బావి పూర్తయింది. నీళ్ళు పడ్డాయి. ఆ రైతు నా దగ్గరికి వచ్చి, ఈసారి గట్టిగా, నా మొహం చూస్తూ మాట్లాడాడు. అంతా అర్థమైంది. మంచి తెలుగే.

నన్ను పాత సామాన్ల వానికి ఇవ్వలేదు. పొద్దున ఎవరూ దిగకముందు బావిని పలకరించేది ఇప్పటికీ నేనే. నా కేక రేణుకమ్మకు రాదు, ఆమెది సన్నగా పోతుంది. నేను వంగి "ఓ..." అంటాను. ఆమె కళ్ళు మూసుకుని వింటుంది. విని నాకు వేళ్ళతో లోతు చూపిస్తుంది. నోరు నాది, చెవి ఆమెది. మీ విమానం కిందికి రెండు పలకలు ఉంటాయన్నావే, అట్లా.

వనపర్తిలో చెవి దవాఖాన ఉందని మీ నాయన తీసుకుపోతానంటున్నాడు. అక్కడ చెవిలో మిషను పెడతారట, మళ్ళీ వినబడుతుందట. పోతాను. కానీ ముందు నాకు ఒకటి తెలియాలి. ఆ చెవి మిషను తనను తాను పరీక్ష చేసుకుంటుందా? చేసుకుంటే లోపలే తిరుగుతుందా, బయటి దాకా పోతుందా? చెడిపోతే రేకు వేస్తుందా, లేక నా మాదిరి నవ్వి తల ఊపుతుందా? డాక్టరును అడగాలంటే నాకు సిగ్గు. నువ్వు మీ హెప్సిబా మేడాన్ని అడిగి రాయి.

నీ జవాబు వచ్చాకే దవాఖానకు పోతాను. అంతదాకా మీ అవ్వ నా మీద అరుస్తూనే ఉంటుంది, నాకు సగమే వినబడుతుంది. పాపం, ఆమె కోసమైనా తొందరగా రాయి బిడ్డా.

నీ తాత
పెంటయ్య